నక్షత్రం బిళ్ళలకు కడియాలు

ఇయ్యాల బోధన్ అంగట్ల ఒకాయన సర్కారు కొత్తగ తెచ్చిన తామరపువ్వు ఇరవై పైసల బిళ్ళలు అమ్ముతున్నడు. బిళ్ళ మీద అచ్చేసిన సంవత్సరం అంకెల కింద నక్షత్రముంటే అండ్ల బంగారం కలిసిందట. మా పక్కింటి లచ్చవ్వ కాళ్ల వెండి కడియాలిచ్చి గుప్పెడు తీసుకుంటున్నది.

నేను మెల్లగ అన్న: "అక్కా, నక్షత్రమంటే హైదరాబాద్ టంకశాల గుర్తు. అది లేకున్నా ఉన్నా ఒక్కటే ఇత్తడి."

"నువ్వేమన్న టంకశాలల కొలువు జేసినవా? ఇవి కరగబెట్టి మనుమరాలికి ముక్కుపుల్ల చేయిస్తుంటే నీకెందుకు కండ్లమంట?" అన్నది లచ్చవ్వ.

అందరు నవ్విండ్రు.

పొద్దుగూకంగ ఆమెనే మా ఇంటికొచ్చింది. "అంగట్ల గట్టిగ మాట్లాడిన, ఏమనుకోకు తమ్ముడూ. నువ్వు గూడ ఒకటి దాసుకో" అని ఒక బిళ్ళ నా చేతుల పెట్టి పోయింది.

దాంతోని చాయ్ తాగబుద్ధి కాలె. వాపసిస్తే ఆమె మనసు ఇరుగుతది. ఉంచుకుంటే నేను గూడ నమ్మినట్టే. మీరైతే ఏం జేస్తురు?