చిన్నరసం దూరని సందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పుట్టిన పిల్లలందరూ అమ్మ పాత చీరలోనే ఊగారు. చీరను దూలానికి ముడివేసి, లోపల ఒక మెత్తటి గుడ్డ పరిస్తే అదే ఉయ్యాల. చాట్రాయి దగ్గర ఒక మామిడితోట పక్కన మా తాటాకు ఇల్లు. మా ఇంటిల్లిపాదీ ఆ తోటలోనే కూలికి వెళ్ళేవాళ్ళు. కోసిన కాయల్లో మంచివీ చెడ్డవీ ఏరే పని మా తాతయ్యది. ఆయన చెయ్యి పడకుండా ఒక్క గంప కూడా బండెక్కేది కాదు. ప్రతి కాయనూ అరచేతిలో ఒకసారి దొర్లించి చూసేవాడు. కొమ్మ నుంచి కిందపడిన కాయ పైకి ఎంత నిగనిగలాడుతున్నా పక్కన పెట్టేసేవాడు. "రాలిన కాయ మొదటిరోజు నవ్వుతానే ఉంటది, మూడోరోజుకి లోపల నల్లబడుద్ది" అనేవాడు.

చెక్క ఉయ్యాలంటే మాకు ఆసాముల ఇళ్ళలో గుమ్మం బయట నిలబడి చూసే వస్తువు. అందుకే, మా చెల్లెలు పుట్టిన వేసవిలో, విస్సన్నపేటలో కాయలు దించి వస్తూ నాన్న ఖాళీ బండి మీద ఒక పాత చెక్క ఉయ్యాల వేసుకొస్తే నేను రోడ్డు దాకా ఎదురు పరిగెత్తాను. అక్కడెవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మేస్తుంటే కొన్నాడట. తొట్టిలాంటి ఉయ్యాల, చుట్టూ సన్నటి చెక్కపుల్లల కటకటాలు. నాలుగు మూలలా ఎర్ర ముక్కుల పచ్చటి చిలకలు నాలుగు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఇంట్లో నెల పిల్ల ఉందన్న సంగతే మర్చిపోయి ఆ చిలకల్నే ముద్దు పెట్టుకున్నాను. ఈ వయసులో ఒప్పుకోవడానికి సిగ్గేముంది?

సాయంత్రానికి చుట్టుపక్కల ఆడపిల్లలందరూ మా ఇంటికి చేరారు. చేతులు కడుక్కుంటేనే ముట్టుకోనిస్తానని నేను దర్జాగా గుమ్మంలో నిలబడ్డాను. మా అమ్మ నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళు ఒక్కొక్కరే చిలకల్ని నిమిరి వెళుతుంటే నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

వాళ్ళందరూ వెళ్ళాక దుమ్ము తుడుస్తుంటే కటకటాల్లో ఒక పుల్ల నా చేతిలో గిర్రున తిరిగింది. దాని పై కొస దిగిన బెజ్జం అరిగిపోయింది. కాస్త లాగితే పుల్ల పక్కకు ఒరిగిపోతోంది. రెండు సందులూ కలిసి ఒకటే పెద్ద సందు అయిపోతోంది. తాతయ్య సంగతి నాకు తెలుసు. చిన్న మచ్చ ఉన్న కాయనే గంపలో ఉండనివ్వని మనిషి, ఇది చూస్తే మర్నాడే ఉయ్యాలను తిప్పి పంపిస్తాడు. అప్పుడు ఆ పిల్లల ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఎడమ జడకున్న ఎర్ర రిబ్బను విప్పి, ఆ పుల్లను పక్క పుల్లకు బిగించి కట్టి, పైన పువ్వులా ముడివేశాను. చూసేవాళ్ళకి అదొక అలంకారం. అమ్మ కూడా చూసి బాగుందనే అంది.

కోతల రోజులు కాబట్టి తాతయ్య తోటలోనే పడుకునేవాడు. మర్నాడు పొద్దున్న తువ్వాలులో చిన్నరసం మామిడిపళ్ళు మూటగట్టుకుని వచ్చాడు. ఉయ్యాల అప్పటికింకా నేలమీదే ఉంది. ఆయన పక్కనే కూర్చుని దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. మూట విప్పి నాతో ఒక ఆట మొదలుపెట్టాడు.

"అమ్మాయ్, ఈ పండు తొట్టిలో వేస్తా. పుల్లల సందులోంచి బయటికి తెచ్చావా, నీది. నొక్కకూడదు, చిదమకూడదు. రాకపోతే నాది."

అంత సులువైన ఆట నేనెప్పుడూ ఆడలేదు. కాళ్ళవైపు సందులు వెడల్పుగా ఉన్నాయి. మొదటి పండు తోయకుండానే వచ్చేసింది. రెండోదీ వచ్చింది. తలవైపు ఎంత తిప్పినా దూరలేదుగానీ పక్కన మరో చోట వచ్చింది. రసం మోచేతుల దాకా కారుతుంటే, గౌనుకు తుడుచుకుంటూ నేను కొత్త సందుల కోసం వెతికాను. పండు బయటికి వచ్చిన ప్రతిచోటా తాతయ్య బొగ్గుముక్కతో ఒక గీత గీస్తూ వచ్చాడు. ఆ గీతలెందుకని నోట్లో టెంక పెట్టుకునే అడిగాను.

"చిన్నరసం దూరిన సందులో పసిబిడ్డ ఒళ్ళు దూరుద్దమ్మా. తల దూరదు. కాళ్ళు బయటికి జారి, మెడకాడ ఆగిపోద్ది" అన్నాడు. తోటలో కాయల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను టెంక నోట్లోంచి తీసేశాను. నా కళ్ళు వద్దన్నా రిబ్బను వైపు పోయాయి. వెంటనే తిప్పేసుకున్నాను.

మూటలో చివరగా ఒక పెద్దరసం మిగిలింది. నా రెండు గుప్పిళ్ళంత ఉంది. ఇదెక్కడైనా దూరుద్దా అని అడిగాడు. దూరదన్నాను. అన్నిచోట్లా చూశావా అన్నాడు. చూశానన్నాను. అప్పటికి రెండు అబద్ధాలయ్యాయి.

"అయితే గీతలున్న వైపు దుప్పటి కడదాం. మిగతా వైపు పరవాలేదుగా. పాపను పడుకోబెడదాం" అంటూ లేచి, అమ్మ పక్కలోంచి చెల్లెల్ని ఎత్తుకున్నాడు. రిబ్బను ఉన్నది ఆ మిగతా వైపే. అమ్మ మంచానికీ ఉయ్యాలకూ మధ్య ఓ ఆరడుగుల దూరం. పాత పంచెముక్కలోంచి చెల్లెలి కాళ్ళు బయటికి వచ్చి గాల్లో తన్నుకుంటున్నాయి. ఇంత సన్నటి కాళ్ళు. తాతయ్య వంగబోతుంటే నాకు భయం ముంచుకొచ్చింది. అది దెబ్బల భయం కాదు, పిల్లల ముందు పోయే పరువు భయం అంతకంటే కాదు. అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. తాతయ్యా వద్దు అన్నాను. రిబ్బను ముడి లాగాను. ముడి ఊడగానే పుల్ల పక్కకు ఒరిగింది. పెద్దరసం తీసి ఆ సందులో పెట్టాను. అది అవతలికి జారిపడి గుమ్మం దాకా దొర్లుకుంటూ పోయింది.

తాతయ్య చెల్లెల్ని అమ్మ చేతికిచ్చాడు. నేను కళ్ళు మూసుకుని దెబ్బ కోసం కాచుకున్నాను. దెబ్బ పడలేదు. ఆయన వెళ్ళి ఆ పండు ఏరుకుని, పంచెతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "ఇదీ నీదే. ఆట ఆటే" అన్నాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏడుపు సన్నగిల్లాక ఒక్క మాటే అన్నాడు.

"పాపకి నోరు లేదు. నీకుంది."

ఆ పుల్ల సంగతి ముందే తెలుసా అని వెక్కుతూ అడిగాను. ఆయన నా ఎడమ జడ పట్టుకుని ఊపాడు. కుడి జడకు రిబ్బను ఉంది, ఎడమ జడకు లేదు. నిన్నటి నుంచీ ఒంటి రిబ్బనుతో ఊరంతా తిరుగుతున్నానన్నమాట. దొంగతనానికి వెళుతూ గంట కట్టుకుని వెళ్ళినట్టయింది నా తెలివి. మా అమ్మ పడీ పడీ నవ్వింది.

ఉయ్యాలను వెనక్కి పంపలేదు. నేను పడ్డ భయమంతా ఉత్తదే. పాతదైతే ఏంటి, కొత్తదైతే ఏంటి, చూసుకుని వాడుకుంటే సరిపోద్ది అన్నాడు తాతయ్య. బొగ్గుగీతలున్న ప్రతిచోటా మధ్యలో ఇంకో వెదురుపుల్ల దిగ్గొట్టాడు. అరిగిన బెజ్జంలో చీల బిగించాడు. పళ్ళొచ్చే పిల్ల అంచులు కొరుకుతుందని, పెచ్చులూడుతున్న రంగంతా గాజుపెంకుతో గీకేసి తడిగుడ్డతో తుడిచాడు. ఆ రోజంతా నన్నూ చెల్లెల్నీ ఆ చుట్టుపక్కలకి రానివ్వలేదు. తుప్పుపట్టిన గొలుసులు తీసేసి కొత్త తాడు కట్టాడు. బలం పరీక్షకి పచ్చికాయల బస్తా రెండు రోజుల పాటు దాంట్లో ఊగింది. మా చెల్లెలి కంటే ముందు ఆ ఉయ్యాల ఎక్కింది ఆ బస్తానే.

ఇక చిలకలు మిగిలాయి. తాతయ్య చెల్లెలి మొలతాడు విప్పి తెచ్చి ఒక చిలక ముక్కుకు తగిలించి కిందికి లాగాడు. రాలేదు. తెగనూ లేదు. పిల్ల లేచి నిలబడే వయసులో ఆ ముక్కుకు మొలతాడు చిక్కితే ఏమవుతుందో ఈసారి ఆయన చెప్పలేదు. రంపం చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు. నువ్వే చెప్పమ్మా అన్నాడు. ఆ నిమిషంలో ఆయన మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. కొయ్యమన్నాను. నాలుగు చిలకలూ కిందపడే దాకా అక్కడే నిలబడ్డాను. అందులో ఒకటి నాకిచ్చాడు. మళ్ళీ పిల్లలు చూడటానికి వచ్చి, చిలకలేవే అని అడిగితే, మా చెల్లెలి కోసం నేనే కోయించానని గొప్పగా చెప్పాను. ఆ మోడు ఉయ్యాలలో మా చెల్లెలు పెరిగింది, ఆ తర్వాత ఊళ్ళో ఇంకెంతమందో పెరిగారు.

మొన్న మే నెలలో మా మనవరాలు ఏడో నెల కడుపుతో ఉంది. అన్నీ కొత్తవి ఎందుకు మామ్మా, ఫోన్లో చూస్తే వాడినవే మంచివి దొరుకుతున్నాయి అంది. తప్పకుండా తీసుకో, నేనూ వస్తానన్నాను. మైలవరంలో ఒకావిడ వాళ్ళ బాబు మంచం అమ్ముతోందంటే ఇద్దరం వెళ్ళాం. నా చేతిసంచిలో రెండు చిన్నరసాలు పెట్టుకున్నాను. మనవరాలు అవి దారిలో తినడానికనుకుంది.

మంచం నిజంగా బాగుంది. పండు ఏ సందులోనూ దూరలేదు. పరుపుకీ పక్క పుల్లలకీ మధ్య నా రెండు వేళ్ళు కూడా పట్టలేదు. మూలల్లో చెయ్యి పెట్టి ఊపాను, స్క్రూలన్నీ తిప్పి చూశాను. ఆవిడ నన్ను విడ్డూరంగా చూసినా ఓపిగ్గా నిలబడింది. ఆ తర్వాత లోపల్నుంచి కారులో పిల్లల్ని కూర్చోబెట్టే సీటు తెచ్చి, ఇది ఊరికే ఇస్తాను తీసుకెళ్ళండి అంది. మనవరాలి ముఖం వెలిగిపోయింది. సీటంతా ఎండకు వెలిసిపోయి ఉంది. వెనకవైపు మాత్రం ఒక సీతాకోకచిలుక స్టిక్కరు కొత్తగా మెరుస్తోంది.

అది చూడగానే నాకు నా ఎర్ర రిబ్బను గుర్తొచ్చింది. కుర్చీలో కూర్చుని నా ఒంటి రిబ్బను కథ చెప్పాను. ఆవిడ నవ్వుతూ విన్నది. తాతయ్య చెల్లెల్ని ఎత్తుకున్న చోటికి వచ్చేసరికి నవ్వు ఆగింది. కాసేపు కొంగు సర్దుకుంది. తర్వాత స్టిక్కరు మీద చెయ్యి వేసింది.

"పోయినేడు మా కారుని వెనక నుంచి గుద్దారండీ. బాబుకేం కాలేదు. ఇక్కడ సన్నగా పగిలింది మామ్మగారూ. మిగతాదంతా బాగానే ఉంది కదా, పారేయడమెందుకులే అనుకున్నానండీ."

రాలిన కాయ సంగతి చెప్పాను. ఒకసారి దెబ్బ తిన్నది రెండోసారి ఆగుతుందన్న నమ్మకం లేదన్నాను. ఆవిడ కత్తెర తెచ్చి సీటు బెల్టులు కోసేసింది. బయట పెడితే ఇంకెవరైనా ఎత్తుకెళ్ళి పిల్లలకి వాడతారేమోనని తనే అంది. నా మనసు నిండిపోయింది. సంచిలోంచి ఒక పండు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఇదెందుకండీ అంది. మీరు గెలుచుకున్నదే, ఆట ఆటే అన్నాను.

మునిమనవరాలికి ఇప్పుడు మూడో నెల. మైలవరం మంచంలోనే పడుకుంటోంది. మా తాతయ్య ఇచ్చిన చిలక రంగు పోయి బోడిదైనా, ఆ గదిలో గోడమీదే ఉంది. పాప ఎంత పెరిగినా చెయ్యి అందని ఎత్తులో నేనే కొట్టించాను. దాన్ని చూసి పాప కాళ్ళు తన్నుకుంటూ ఏదో ఊసులాడుతుంది. నోరు లేదన్నాడు గానీ తాతయ్య, నోరొచ్చే దాకా పాప తరఫున మాట్లాడటానికి నేనున్నాను.