దస్తీకి అంటిన అడవి

ఒక అడవినంతా దస్తీతో తుడిచి జేబులో పెట్టుకున్న ఘనుణ్ని నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వితే నవ్వండి.

మాది మందమర్రి. బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. బొగ్గుదుమ్ముకు మా కాలనీలో కూర్చోవాలంటే కుర్చీ తుడవాలి, తినాలంటే కంచం తుడవాలి. చుట్టం ముందు నల్లటి వస్తువు పెడితే అవ్వ వీపు చీరేసేది. అలా తుడవడానికి మా చేతులకు మెదడుతో పనిలేకుండా పోయింది.

నేను కరీంనగర్‌లో ఒక పరిశోధనశాలలో చేరినప్పుడు బాపు అడిగాడు.

"ఏం పనిరా బిడ్డా?"

"కార్బన్ గొట్టాలు పెంచుతం బాపూ. వెంట్రుక కన్న మస్తు సన్నగుంటయి. నరాలు ఏమంటున్నయో డాక్టర్లకు ఎరుక చేస్తయి."

"కార్బనంటె?"

"బొగ్గు లెక్కనే..."

"వారీ! బాయిల దిగొద్దని సదివిపిస్తే మళ్ల బొగ్గుకాడికే పోయినవా!"

నిజానికి అది వ్యవసాయమే. సిలికాన్ బిళ్ల మీద పలుచగా పూసిన ఇనుమే విత్తనం. కొలిమిలో పెట్టి గ్యాసు వదిలితే గొట్టాలు పైరులా నిటారుగా లేస్తాయి. దాన్ని మేం అడవి అంటాం. చూసేవాళ్లకు మాత్రం మసి పట్టిన బిళ్లే.

ఎన్నో పంటలు పోయాక ఒకటి చక్కగా పండింది. దాన్ని చూడటానికి నరాల డాక్టరు వచ్చాడు. ఆయన సరే అంటే పని సాగుతుంది. కాదంటే కొలిమి ఆరిపోతుంది, నేను మందమర్రి బస్సెక్కుతాను.

డబ్బా మూత తీశాను. లోపల నల్లగా ఉంది, ఎదురుగా పెద్దమనిషి ఉన్నాడు. ఇంకేముంది? చేయి దానంతటదే దస్తీ తీసి బిళ్లను రుద్దేసింది. బొగ్గును పాలతో కడిగినా తెల్లబడదంటారు గానీ, నా బిళ్ల ఒక్క తుడుపుకే అద్దమైంది.

"ఏది తమ్మీ, నీ అడవి?"

"ఇగో సార్."

"నాకు నా మీసాలే కనవడుతున్నయి."

గుండె ఆగింది. నాలుక మాత్రం ఆగలేదు. "నానో గద సార్, కంటికి కనవడయి!"

"అయితే మైక్రోస్కోపు కింద పెట్టు."

పెట్టాను.

"గిదేంది, మోకు లెక్కున్నది?"

పక్కనే ఉన్న మా పరిశోధనశాల పెద్ద, మేడమ్, మైక్రోస్కోపు తెర వైపు చూసి, నా వైపు చూసింది. "గది నూలుపోగు సార్. ఏయ్, నీ దస్తీ తియ్యి."

తీశాను. తెల్ల దస్తీ నల్లగా మారింది.

"అడవులు నరికెటోళ్లను చూసిన గని, తుడిచెటోణ్ని ఇయ్యాల్నే చూస్తున్న," అంటూ డాక్టరు లేచాడు.

నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. "సార్, పొద్దుగూకేలోపు మళ్ల పెంచుత. ఒక్కసారి రాండ్రి."

"పెరుగకపోతే?"

"పెరిగేదాక కొలిమి ఇడువ!"

విడవలేదు. మేడమ్ నా దస్తీని సొరుగులో పెట్టి తాళం వేసింది. ఆమె ఇచ్చిన సర్వపిండిని కొలిమి మీంచి కన్ను తిప్పకుండా తిన్నాను. మొదటి బిళ్ల మీద పైరు పడిపోయింది. పళ్లు బిగించి ఇంకోటి పెట్టాను. అది నిలబడింది!

సాయంత్రం డాక్టరు వచ్చాడు. మూత తీసి, చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆయన తొంగి చూశాడు.

"మంచిగున్నది గని తమ్మీ, జర మసి పట్టింది..."

ఆయన దస్తీ అప్పటికే జేబులోంచి బయటికి వచ్చింది! ఎగిరి మణికట్టు పట్టుకున్నాను. "సార్! గదే అడవి!"

డాక్టరు తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు.

"మీది ఏ ఊరు సార్?" అనుమానంగా అడిగాను.

"మందమర్రే," అన్నాడు సిగ్గుపడుతూ. "మా బాపు బొగ్గుబాయిల జేసిండు. పని మొదలువెట్టుండ్రి."

మేడమ్ ఆ దస్తీని కూడా సొరుగులో పెట్టింది.

మసి తుడవనేల, ముఖం మాడనేల? ఆ రోజే కొలిమి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో నల్లనిదేదీ తుడవను. మాడిన గిన్నెలకు కూడా ఈ ఒట్టు వర్తిస్తుందని మా ఆవిడకు ఎన్నోసార్లు చెప్పాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.