పసుపు పెట్టిన చీర

సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో అందుకున్న మొదటి జీతంతో, ఎర్రగుంట్ల బజారులో అమ్మకు చీర కొన్నాను. ముదురాకుపచ్చకు ఎర్రంచు. మురిపెంలో కొంగు మాత్రమే చూసి తెచ్చేశాను. మా ఇంట్లో కొత్త బట్టకు ముందు కొసన పసుపు పెట్టాల్సిందే. అమ్మ పసుపు పెట్టి, దేవుని పటం ముందు ఉంచి, ఆ తర్వాతే మడత విప్పింది. నడిమధ్యన బొటనవేలు దూరేంత చిరుగు.

"పోనీలేమ్మా, కుచ్చిళ్లలోకి పోతాది," అంది. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. బతుకంతా చిరుగుల్ని కుచ్చిళ్లలోనే దాచుకుంది, నా చీర కూడా అలాగే కట్టుకోవాలా? మరునాడే ఆమెను వెంటబెట్టుకుని అంగడికి పోయాను.

షావుకారు పసుపు మరక చూసి, గోడ మీది బోర్డు చూపించాడు. ఏడు రోజుల్లో మార్చుకోవచ్చు, పసుపు అంటితే మాత్రం వాపసు లేదు.

"చిరిగిన చీర అమ్మింది మీరు కాదా?" అన్నాను, గొంతు పెంచి.

"నా బాధ గూడ వినమ్మా. పెండ్లికి కట్టుకోని, మర్నాడు తెచ్చి మార్చమంటాండారు. యాడో ఒకచోట గీత గీయకపోతే అంగడి మూసుకోవాల్సిందే. పసుపు పెట్టినారంటే కట్టుకున్నట్టే."

చెప్పొద్దూ, ఆ మాటలో న్యాయం ఉంది. అప్పుడు మా అమ్మ ముందుకొచ్చింది. ఇరవై ఏళ్లుగా ఊరందరి చీరలకూ ఫాల్ కుట్టే మనిషి, అంగట్లో ఎన్నడూ నోరు విప్పని మనిషి, చీర అంచు తిరగేసి చూపించింది.

"ఈడ చూడప్పా. ఫాల్ కుట్టినామా? జాకెట్టు ముక్క కోసినామా? ఇవి లేకుండా పెండ్లికి ఎవురు పోతారు? పసుపు దేవునికి పెట్టింది. నీ గీత ఫాల్ కాడ గీసుకో."

బేరానికొచ్చిన ఆడవాళ్లు గొల్లున నవ్వారు. షావుకారు ఆ అంచును వేలితో తడిమి చూసి, అదే రంగు చీర ఇంకొకటి తీయించాడు. అమ్మ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా విప్పించి, వెలుతురుకు పట్టి చూసి, తల ఊపింది. షావుకారే లేచి, అంగట్లోని దేవుని పటం దగ్గరి పసుపు గిన్నె తెచ్చి, "ఈడనే పెట్టుకోమ్మా," అన్నాడు.

మళ్లీ పోయినప్పుడు బోర్డు మారి ఉంది. ఫాల్ కుట్టినా, జాకెట్టు ముక్క కోసినా వాపసు లేదట. పసుపు ఊసే లేదు. అమ్మకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను.

"ఇంగోసారి చదువు," అంది.