వదలని మూత

మా బావకి తెలియని రబ్బరు లేదు. మా షెడ్డులో చేతికర్రల తొడుగులకీ, డబ్బాల మూతలకీ ఇనుప అచ్చులు చెక్కేది ఆయనే. ఆ అచ్చుల్లోంచి వచ్చిన మూతల చుట్టూ వేలాడే పల్చటి అంచులు కత్తిరించేది నేను. ఇంట్లో మరదల్ని, ఇక్కడ ఆయన మిగిల్చిన చెత్త ఏరేదాన్ని. రెండుచోట్లా ఆయన్ని వెక్కిరించే హక్కు నాకుంది.

ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మా అక్క బకెట్ల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి ప్లాస్టిక్ మిషను నడుపుతోంది. అయినా భోజనానికి కూచున్నప్పుడల్లా, ప్లాస్టిక్‌దేముంది, కరిగించి పోసి తీయడమేగా అంటాడు. అక్క గిన్నె కాస్త గట్టిగా కింద పెడుతుంది.

ఒకరోజు యజమాని పాత ప్లాస్టిక్ మిషనొకటి కొని తెచ్చాడు. రబ్బరు మూతలు ఎవరూ అడగడం లేదనీ, అదే మూత ప్లాస్టిక్‌లో కావాలనీ చెప్పాడు. శనివారానికి అచ్చు కుదిరితే సరి, లేకపోతే ఇకమీదట అచ్చులన్నీ బయట చేయించుకుంటాడట. అంటే బావ ఇంటికే.

బావ నవ్వేసి, రబ్బరు మూత అచ్చునే కొలతకి కొలత మళ్లీ చెక్కి, అలవాటు కొద్దీ బాగా వేడెక్కించాడు. రబ్బరు ముద్ద వేడి అచ్చులో ఉడికి గట్టిపడుతుంది మరి. ప్లాస్టిక్ దానికి తలకిందులు. కరిగి లోపలికొచ్చి, చల్లటి అచ్చులో గట్టిపడుతుంది. తెరిచి చూస్తే మూత జావలా జారింది. ఇంకాసేపు ఉడకాలన్నాడు బావ. అది అన్నం కాదన్నాను.

మర్నాడు అచ్చు చుట్టూ చన్నీళ్లు పారించాడు. మూత గట్టిపడింది, కానీ బయటికి రాలేదు. మూత లోపల డబ్బాని పట్టుకోడానికి చిన్న గట్టు ఉంటుంది. రబ్బరు మూతయితే అంచు పట్టుకు గుంజగానే సాగి, మేజోడు విప్పినట్టు ఊడొస్తుంది. ప్లాస్టిక్ మూత సాగితేగా! ఆ గట్టుతో అచ్చుని కరుచుకు కూచుంది. బావ పటకారుతో బలంకొద్దీ లాగాడు. మూత ముక్కతో సహా వెల్లకిలా పడ్డాడు. కడుపుబ్బ నవ్వాను. లేచాక ఆయన మొహం చూసి నా నవ్వు ఆగిపోయింది. బావ భయపడుతున్నాడు. నాకు చాలా జాలేసింది.

అడగందే అమ్మైనా పెట్టదు, వెళ్లి అక్కని అడగమన్నాను. తాతకి దగ్గులు నేర్పుతున్నావా అని కసిరాడు.

ఆ సాయంత్రం అక్క బట్టలు మడత పెడుతుంటే బావ పక్కన చేరి, వేరే షెడ్డులో ఎవరో ఒకాయనకి మూత ఊడి రావడం లేదట, పాపం, అని గోడకి చెప్పినట్టు చెప్పాడు. అక్క దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చింది.

"ఆ ఒకాయన్ని రేపు పొద్దున నేనే వచ్చి చూస్తాలెండి" అంది.

అన్నట్టే పనికెళ్తూ దారిలో మా షెడ్డుకొచ్చింది. అచ్చులో వేలు పెట్టి తడిమింది. మూత లోపలి గట్టుని సగానికి తగ్గించి గుండ్రంగా చేయమంది. నిట్టనిలువుగా ఉన్న పక్కల్ని కొంచెం ఏటవాలుగా అరగదీయమంది. ప్లాస్టిక్‌ని ముందు నుంచి లాగకూడదనీ, వెనక నుంచి నెట్టాలనీ, అందుకు కడ్డీలు బిగించాలనీ చెప్పింది. బావ అన్నీ అలాగే చేశాడు.

శనివారం అక్కకి సెలవు. తనూ వచ్చి నిలబడింది. అచ్చు తెరుచుకుంది, కడ్డీలు నెట్టాయి, మూత టప్పున బుట్టలో పడింది. కత్తిరించడానికి దానికి అంచే లేదు. యజమాని బావ భుజం తట్టి, నీ చేతిలో ఏదో ఉందయ్యా అన్నాడు. బావ నోరు మూసుకుని ఆ మెప్పు మింగేస్తాడనే అనుకున్నాను. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"చెయ్యి నాదేనండి. చెప్పింది మా ఆవిడ. నాకు ప్లాస్టిక్ పని రాదు. రేపు ఇంకో అచ్చు చేయమన్నా మళ్లీ ఈవిణ్ణే అడగాలి."

అయితే మీ ఆయనకి సాయంగా ఇక్కడే చేరకూడదా అని యజమాని అక్కని అడిగాడు. అక్క ఆయన వైపు చూడలేదు. బావనే చూస్తూ అంది.

"సాయంగా అయితే రాను. పక్కన అయితే వస్తాను."

బావ తన స్టూలు ఓ పక్కకి జరిపి, బల్ల మీద సగం ఖాళీ చేశాడు.