ఫైనెసి తడికెలు, అల్లుడిగారి అతిథులు

"అడవిలో కూర్చుని కూర్చుని అలిసిపోయారంట, పాపం!" తడికె మీద చేపల్ని తిరగేస్తూ అంది ఫైనెసి. "కార్లో ఊరేగించి ఏనుగుల్ని చూపిస్తే వీళ్లకి నడుం నొప్పులొచ్చాయి. ఇక్కడికొచ్చి బోర్లా పడుకుంటేగానీ తగ్గవంట. మన వాళ్ల మొక్కజొన్న చేలు మేసిపోయే ఏనుగులేగా అవి! డబ్బాలు వాయించి తోలి తోలి చచ్చేవాళ్లని ఏ ఒడ్డున పడుకోబెడతారో!"

పక్క తడికె దగ్గరున్న ఎనిఫా పగలబడి నవ్వింది. "నిన్న ఒకావిడ నీటిగుర్రం ఆవులిస్తుంటే చప్పట్లు కొట్టింది వదినా. మా ఆయన వల చింపొచ్చి ఆవులిస్తోంది అది!"

ఇసుకలో పడుకున్న తెల్లవాళ్లు ఆ నవ్వు విని, తమని పలకరిస్తున్నారనుకుని చేతులూపారు. ఫైనెసి కూడా ఊపింది. అంత ఒళ్లు కాల్చుకోవడానికి అంత దూరం నుంచి విమానమెక్కి రావాలా అని ఆవిడకి ఎప్పటికీ అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని అనుకోనూ లేదు.

మలావీ సరస్సు ఒడ్డున ఆ తడికెల చోటు ఫైనెసికి తల్లి ఇచ్చింది. తల్లికి అమ్మమ్మ ఇచ్చింది. వేలెడంత ఉసిపా చేపలు పడవ దిగంగానే అక్కడ పరిస్తే, ఎండా సరస్సు గాలీ కలిసి సాయంత్రానికల్లా గలగలలాడేలా ఎండబెడతాయి. మొగుడు జోహన్నెస్‌బర్గ్ గనులకని పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. వాడి ముఖాన ఇంత దుమ్ము పోసి, ఆ తడికెల మీదే కూతురు మ్వాండిడాని పెంచి పెద్ద చేసింది.

ఆ కూతురికి దొరికిన మొగుడు బిస్విక్. కొండ ఊళ్ల నుంచి భుజాన పారతో వచ్చి, అక్కడి అల్లుళ్లందరిలాగే అత్తవారి ఊళ్లో దిగాడు. కొన్నాళ్లు వంచిన నడుం ఎత్తకుండా చేను తవ్వాడు, అబద్ధమెందుకు! తర్వాత రిసార్టులో పని దొరికింది. ముందు అడవి, తర్వాత సరస్సు అని వచ్చే అతిథుల్ని పార్కు నుంచి తెచ్చి ఒడ్డున పడుకోబెట్టే పని. దానికో తెల్లచొక్కా ఇచ్చారు. అంతే, అయ్యగారి కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంట్లో సంకటిలోకి ఎండుచేప పెడితే చొక్కాకి వాసన పడుతుందని పళ్లెం తోసేశాడు. తడికెల దగ్గర్నుంచి వచ్చిన పెళ్లాన్ని ఒళ్లు రుద్దుకునిగానీ పక్కలోకి రావద్దన్నాడు. తుడుచుకోవడానికి ఒక తువ్వాలు కూడా ఇచ్చాడు, రిసార్టుది. ఆ మాట చెవిన పడ్డ రోజు ఫైనెసి ఉమ్మిన ఉమ్ము కోడి కూడా ముట్టలేదు.

ఇప్పుడు అతిథులకు వాసన వస్తోందట. తడికెలు గుట్ట వెనక్కి పోవాలట, అల్లుడు తెచ్చిన కబురు. గుట్ట వెనక గాలి ఆడదు, ఒక్క పూటకే చేప కుళ్లుతుంది.

"మ్వాండిడా ఒప్పుకుందంట వదినా," అని ఎనిఫా గుసగుసలాడింది. "రిసార్టులో దుప్పట్లు మడిచే పని ఇప్పిస్తానన్నాడంట మీ అల్లుడు."

ఫైనెసి చేపల్ని తిరగేయడం ఆపేసింది. కన్నకూతురే చోటు వదిలేస్తే తను ఎవరితో పోట్లాడాలి? ఆ సాయంత్రం కూతురు ఎదురుపడితే అడగాలనుకుంది. భయమేసి అడగలేదు.

ఈ తగువు తేల్చడానికి మ్వాండిడా మేనమామ రాబ్సన్ తన వాకిట్లో అందరినీ కూర్చోబెట్టాడు. వాళ్ల ఆచారంలో అల్లుడన్నవాడు మేనమామ చెవిలో చెప్పాలి, ఆయన నోటితో మాట్లాడించాలి. అత్త ముఖం వైపు చూడనే కూడదు. బిస్విక్ లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, అత్త వైపు వేలు చూపించాడు.

"ఆవిడకి చెబితే అర్థం కాదు మావయ్యా. వాళ్లు అడవంతా తిరిగి అలిసిపోయి ప్రశాంతత కోసం వస్తారు. వచ్చేసరికి చేపల కంపు! అయినా ఆ చోటు ఆవిడతో పోయేదేం కాదు. రేపు నా పెళ్లానిదే. తను సరేనంది."

ఆడవాళ్లంతా ఒక్కసారి నోళ్లు నొక్కుకున్నారు. "ఓరి నీ మొహం మండా!" అంది వెనక నుంచి ఎనిఫా. ఫైనెసి మాత్రం కూతుర్నే చూస్తోంది.

"అన్నావుటే అమ్మా?" అని అడిగాడు రాబ్సన్.

మ్వాండిడా చాప అంచు పీకింది. "ఆలోచిస్తానన్నాను మావయ్యా," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "చోటు నాదన్నావుగా. నువ్వు పడుకునే ఇల్లెవరిది? ఆ చాపెవరిది? మా అమ్మని వేలు చూపించావు. రేప్పొద్దున వచ్చి తడికెల దగ్గర బుట్ట మొయ్యి, మీ అతిథులు చూస్తుండగా. మోస్తే మా ఇంట్లో ఉండు."

"ఈ చొక్కాతోనా?" అన్నాడు బిస్విక్.

ఆ ఒక్క మాట చాలింది. రాబ్సన్ లేచి, వాడి పార తెప్పించి చేతికిచ్చాడు. ఇక ఊళ్లో ఉండొద్దని దానికర్థం. పార తీసుకుని వాడు తిన్నగా రిసార్టుకే పోయాడు. అడవి చూసి అలిసొచ్చినవాళ్లకి అక్కడ దోమతెరలతో సహా మంచాలున్నాయి. పనివాళ్లు లోపల పడుకోవడానికి లేదని కాపలావాడు గేటు దగ్గరే ఆపేశాడు. ఆ సంగతి ఎనిఫా తెచ్చి చెబితే ఫైనెసి కడుపుబ్బ నవ్వింది. బాగా అయిందంది. కొండెక్కి పోయేదాకా ఆ చొక్కా మాపుకోకుండా పొమ్మంది.

మర్నాడు పొద్దున మ్వాండిడా తల్లి కంటే ముందే వచ్చి చేపలు పరుస్తోంది. ఫైనెసి హుషారుగా కొంగు బిగించి, "పీడ వదిలింది. ఆ తెల్లచొక్కా గాడిద..." అని మొదలెట్టింది.

"అలా అనకమ్మా," అంది కూతురు తలెత్తకుండా. "కొత్తల్లో ఈ బుట్టలన్నీ వాడే మోసేవాడు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు."

ఊరందరికీ జవాబు చెప్పే ఫైనెసి వంగి, కూతురు ఎత్తబోతున్న తడి చేపల బుట్టకి రెండో వైపు పట్టుకుంది.