మినిట్స్‌లో లచ్చన్న పేరు

1976 మే నెలలో నన్ను ఖతర్‌లో మా కంపెనీ దోహా ఆఫీసు నుంచి ఉమ్ సయీద్ సైటుకి పర్సనెల్ అసిస్టెంటుగా వేశారు. కార్మికుల హాజరు, సెలవులు, ఫిర్యాదుల కాగితాలన్నీ నా బల్ల మీదుగానే వెళ్ళేవి. చమురు ధర పెరిగి, ఎడారిలో ఎటు చూసినా ఫ్యాక్టరీల పునాదులు లేస్తున్న కాలం అది. నాది రాజమండ్రి. క్యాంపులో తెలుగువాళ్ళు అరవై మంది దాకా ఉండేవారు, ఎక్కువమంది కరీంనగర్ వైపువాళ్ళు.

నా పై అధికారి మిస్టర్ కోనర్ డబ్లిన్ నుంచి వచ్చిన ఐరిష్ మనిషి, యాభై దాటినవారు. గల్ఫ్‌కి రాకముందు అక్కడి కార్మిక సంఘంలో బ్రాంచి కార్యదర్శి. లేబర్ పార్టీ తరఫున ఒకసారి మునిసిపల్ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. టీ తాగేటప్పుడు ఆ చరిత్రే చెప్పేవారు. 1913లో సంఘంలో ఉండబోమని సంతకం పెట్టమని డబ్లిన్ యజమానులు పట్టుబడితే, ఆయన తండ్రి పెట్టక నెలల తరబడి గేటు బయటే ఉండిపోయాడట. 1918 ఎన్నికల్లో, దేశ స్వాతంత్ర్యం సంగతి ముందు తేలాలని, లేబర్ వాళ్ళు పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత అంతర్యుద్ధంలో తలపడ్డ రెండు వర్గాలే రెండు పెద్ద పార్టీలయ్యాయి. లేబర్ మూడో స్థానంలోనే మిగిలింది. "ఒకసారి పక్కకు జరిగినవాడికి మళ్ళీ ఎవరూ చోటివ్వరు, మూర్తీ" అనేవారు.

జూలైలో మధ్యాహ్నపు ఎండకి ఇద్దరు కార్మికులు సైటులోనే పడిపోయారు. పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపాలని మనవాళ్ళు అడిగారు. సమ్మె అన్న మాటే అక్కడ నేరం. మిస్టర్ కోనర్ మాత్రం దీనికి పద్ధతి ఉందన్నారు. ఒక ప్రతినిధిని ఎన్నుకోవాలి, సమావేశం పెట్టాలి, మాట్లాడిందంతా మినిట్స్‌గా రాయాలి.

చేతులెత్తి సిరిసిల్ల లచ్చన్నని ఎన్నుకున్నారు. రాడ్లు కట్టే పనివాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. సమావేశంలో మిస్టర్ కోనర్ ముందు అందరి కోరికా చెప్పి, అయ్యాక నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"నా పేరు రాస్తే ఏమైతది సార్?"

అదే మాట ఇంగ్లీషులో మిస్టర్ కోనర్‌ని అడిగాను. పేరు కాగితం మీద ఉంటేనే రక్షణ అన్నారు. నేనది తెలుగులో చెప్పాను. లచ్చన్న తలూపాడు.

మినిట్స్ నేనే టైపు చేశాను. అలవాటు ప్రకారం పేరు పక్కన బ్యాడ్జి నంబరు కూడా వేశాను. పర్సనెల్ కాగితం ఏదైనా మూడు ప్రతులు తీయాలి. ఒకటి మా ఫైలుకి, ఒకటి ప్రాజెక్టు మేనేజరుకి, ఒకటి కఫీల్ ఆఫీసుకి. కఫీల్ అంటే మన వీసా, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటాయో ఆ స్థానిక యజమాని.

నాలుగో రోజు పొద్దున హాజరు వేళకి కఫీల్ ఆఫీసు నుంచి పికప్ వచ్చింది. అందులోంచి దిగిన మనిషి బ్యాడ్జి నంబరు చదివి "యల్లా, యల్లా" అంటూ పదమన్నాడు. లచ్చన్న లైనులోంచి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ నా వైపు చూశాడు.

"మీటింగుకేనా సార్?"

"అయ్యుంటుంది" అన్నాను.

మధ్యాహ్నానికి అతన్ని బొంబాయి విమానం ఎక్కించేశారు. పెట్టె క్యాంపులోనే ఉండిపోయింది. అదే రోజు సాయంత్రం నోటీసు బోర్డు మీద ఉత్తర్వు పడింది: రేపటి నుంచి పన్నెండుకి పని ఆపి, మూడుకి మొదలుపెట్టాలి. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను.

మినిట్స్ ప్రతి కఫీల్ ఆఫీసుకి ఎవరు పంపారని మిస్టర్ కోనర్ అరిచారు. నేను ఫైలు తెరిచి చూపించాను. ప్రతులు ఎవరెవరికో చెప్పే జాబితా కింద నా పొడి అక్షరాలు, వాటి కింద ఆయన సంతకం. ఆయన వెంటనే ప్రాజెక్టు మేనేజరు గదికి వెళ్ళి పావుగంటలో తిరిగొచ్చారు. "అడిగింది ఇచ్చాం కదా, ఇంకేం కావాలి అంటున్నాడు" అని మాత్రం చెప్పారు.

వారం తర్వాత మిస్టర్ కోనర్ ఇంకో ప్రతినిధిని ఎన్నుకోమని అడిగారు. నేనే తెలుగులో చెప్పాను. అరవై మందిలో ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి రాజయ్య అనే పెద్దమనిషి నోరు విప్పాడు.

"ఒకణ్ణి పంపినం గద సార్. ఇంటికి పోయిండు."

దాన్ని నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. మిస్టర్ కోనర్ మార్చమని అడగనూ లేదు. ఆయన కాంట్రాక్టు ముగిసేదాకా ఉన్నారు గానీ డబ్లిన్ కబుర్లు మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఖతర్‌లోనే చాలా ఏళ్ళు అదే ఉద్యోగం చేశాను. ఫిర్యాదుల్లో ఎన్నడూ పేరు రాయలేదు, 'కార్మికులు కోరారు' అని రాసేవాణ్ణి. సంఘానికి చట్టం అండ ఉన్న దేశంలో పేరు రాయడం మనిషికి బలం. అది లేనిచోట అదే పేరు మనిషిని పట్టిస్తుంది. ఏ కాగితమైనా టైపు చేసేముందు దాని ప్రతి ఒక్కొక్కటీ ఎవరి బల్ల మీదికి చేరుతుందో ఆలోచించాలి. నేను ఆలోచించలేదు.