తెల్లదారం కట్టిన గిటార్

కొత్త సరుకు వచ్చిన రోజు అట్టపెట్టె టేపు కోయగానే ముందు వాసన వస్తుంది. చెక్క, వార్నిష్, జిగురు, లారీలో నాలుగు రోజులు మగ్గిన అట్ట, అన్నీ కలిసిన వాసన. ఈ ఉదయం సికింద్రాబాదు కార్ఖానా ఏరియాలో మా కొట్టు షట్టరు ఎత్తి, ఎనిమిది పెట్టెలు లోపల పెట్టించుకుని, మొదటిది కోశాను. ఆ వాసన ముక్కుకు తగలగానే అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి ‘సార్, సరుకొచ్చింది’ అనబోయాను. సార్ పోయి రెండేళ్ళు దాటింది. నోటికి మాత్రం ఆ సంగతి ఇంకా ఎక్కలేదు.

సార్ అంటే జీవరత్నం గారు. బాపట్ల దగ్గరి మనిషి. సికింద్రాబాదులో ఒక మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పిల్లలకు సంగీతం చెప్పి, రిటైరయ్యాక మారేడ్‌పల్లిలో ఇంట్లో కూర్చోలేక ఈ గిటార్ల కొట్టు పెట్టారు. పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో ఎప్పుడూ రెండు రూపాయి బిళ్ళలు. నేను ఆయన దగ్గర పనికి చేరేనాటికి డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షలు వరసగా తప్పుతూ ఉన్నాను. మా నాన్నది భీమవరం, ఇక్కడ సీతాఫల్‌మండిలో బట్టల కొట్టు. చీర మడత విప్పి చూపించాక ఎవరినీ ఉత్త చేతులతో వెళ్ళనివ్వని వంశం మాది. అమ్మడం నాకు ఒకరు నేర్పాలా అనే పొగరు తలకెక్కి ఉన్న రోజులవి. మొదటి వారంలోనే ఆ పొగరుకు దెబ్బ తగిలింది, ఎందుకంటే జీవరత్నం గారు వచ్చినవాళ్ళలో సగం మందికి ఏమీ అమ్మకుండా పంపించేసేవారు.

వచ్చేవాళ్ళందరి చూపూ నల్లగా నిగనిగలాడే స్టీలు తీగల గిటార్ మీద ఉండేది. ఆయన దాన్ని దించేవారే కాదు. ముందు, ఏం పాట వాయించాలని ఉందని అడిగేవారు. తర్వాత ఎడమచెయ్యి చూపించమనేవారు, జ్యోతిష్యుడిలాగా. ఆపైన మూలనున్న సాదా గిటార్ ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. నైలాన్ తీగలు, వెడల్పాటి మెడ, రంగూ లేదు, మెరుపూ లేదు. స్టీలు తీగ కొత్త వేలిని కోస్తుందనీ, నైలాన్ తీగ కాస్త ఓర్చుకుంటుందనీ, మెడ వెడల్పుంటే ఒక తీగ నొక్కబోయి రెండు నొక్కే బాధ ఉండదనీ ఓపిగ్గా చెప్పేవారు. తక్కువ ధరలో కొనేవాళ్ళు సాదాగా ఉన్నదే కొనాలని ఆయన పట్టుదల. మెరుగుకి పెట్టిన డబ్బు చెవికి వినపడదని అనేవారు. నేను పక్కన నిలబడి, ఇంత మంచి బేరాన్ని ఇలా చెడగొట్టుకుంటారేమిటని లోపల్లోపల పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఏ గిటార్‌నైనా ఆయన పరీక్షించకుండా గోడకు తగిలించేవారు కాదు. వడ్రంగి పలకని చూసినట్టు ఒక కన్ను మూసి మెడ పొడవునా చూసేవారు, వంపు ఉందేమోనని. మెడ మీది లోహపు మెట్లను వేలితో నిమిరి, అంచులు గుచ్చుకుంటున్నాయేమో చూసేవారు. ఒక్కో మెట్టు మీదా ఒక్కో తీగనీ మీటి, ఎక్కడైనా జీరపోతోందా అని వినేవారు. చివరికి జేబులోంచి బిళ్ళలు బయటికొచ్చేవి. పన్నెండో మెట్టు దగ్గర తీగ కింద రెండు బిళ్ళలు పట్టాలి, మూడోది పట్టకూడదు. మూడోది కూడా దూరితే తీగ మరీ ఎత్తులో ఉన్నట్టు, ఎంత నొక్కినా వేలు నొప్పే తప్ప స్వరం సరిగ్గా పలకదు. అలాంటిదానికి తల దగ్గర ఒక తెల్లదారం కట్టి పక్కన పెట్టేవారు. తెల్లదారం ఉందంటే బాగుచేయించే దాకా అమ్మకూడదు.

“కొత్తగా నేర్చుకునేవాళ్ళు గిటార్‌ని అనుమానించరమ్మాయ్. వాళ్ళ చేతుల్నే అనుమానించుకుంటారు. అందుకే వాళ్ళ తరఫున మనం ముందే అనుమానించాలి,” అన్నారు ఒకసారి. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. మాస్టార్లు రిటైరైనా పాఠాలు చెప్పడం మానరు కదా అనుకున్నాను.

ఆయనకి ఇంకో పద్ధతి ఉండేది. గిటార్ కొన్నవాళ్ళు నెల తర్వాత మళ్ళీ రావాలి. వస్తే కొత్త తీగలు ఉచితంగా వేసిచ్చేవారు. తీగలు వంక మాత్రమే. అసలు సంగతేమిటంటే వాళ్ళ ఎడమచేతి వేళ్ళ కొనలు పట్టి చూడాలి ఆయనకి. కొనలు కాస్త గట్టిపడి ఉంటే వాయిస్తున్నారన్నమాట. మెత్తగా ఉంటే మానేశారన్నమాట. గోడకి చర్చివాళ్ళు ఇచ్చిన క్యాలెండరు ఉండేది, బైబిలు వాక్యం ఉన్నది. ఎవరు కొన్నా సరిగ్గా నెల తర్వాతి తేదీ గడిలో వాళ్ళ పేరు రాసుకునేవారు. ఎవరైనా రాకపోతే ఆయనకి ఆ రోజు అన్నం సయించేది కాదు. మన కొట్లో కొన్న మనిషి మానేశాడంటే తప్పు మనదే అయి ఉండాలని ఆయన లెక్క.

చేరిన నాలుగో నెలలో ఒక ఆదివారం ఆయన చర్చికి వెళ్తూ మొదటిసారి కొట్టు నా ఒక్కదాని మీద వదిలారు. పదకొండింటికి ఒకావిడ వచ్చింది. యాభై దగ్గర వయసు, నూలుచీర, చేతిలో టిఫిన్ క్యారేజీ సంచి. పేరు సరళ, రైల్వే ఆఫీసులో టైపిస్టు, మా సీతాఫల్‌మండిలోనే మాకు రెండు సందుల అవతల ఇల్లు. చిన్నప్పటి నుంచి గిటార్ వాయించాలని ఉందనీ, ఇంట్లో చెప్తే అందరూ నవ్వారనీ, అయినా ఈసారి కొనేసుకోవాలని వచ్చాననీ గబగబా చెప్పింది, ఎవరైనా వచ్చి ఆపేస్తారేమో అన్నట్టు. సాదా గిటార్ చూపించాను. ఆమె కళ్ళు కిటికీలో ఉన్నదాని మీదే ఉన్నాయి. అంచులు ముదురు ఎరుపు, నడుమ తేనెరంగు, మా కొట్లో అందమైనది అదే. పడమటి కిటికీలో వేసవంతా ఎండ తాగి దాని మెడ ముందుకు వంగింది. సార్ గల్లాలోంచి ఇంకో రెండు బిళ్ళలు తీసి పెట్టి చూస్తే మూడు కాదు, నాలుగు పట్టాయి. దానికి తెల్లదారం కట్టారు, కిటికీలోంచి ఇంకా తియ్యలేదంతే.

చెప్పొచ్చు కదా? అది పాడైందండీ, కొన్నాళ్ళాగితే బాగుచేసి ఇస్తాం అనొచ్చు కదా? అనలేదు. ఆగితే వెళ్ళిపోతుందనిపించింది. సార్ తిరిగొచ్చేసరికి మొదటి రోజే ఒక అమ్మకం చేసి చూపించాలని నా ఆత్రం. ఆమె సంచిలో డబ్బు తీస్తున్నప్పుడు అటు తిరిగి ఆ దారం గోటితో తెంపేశాను. సాదా గిటార్ ఒకటి అమ్మానని సార్‌తో చెప్పి, ఆవిడ పేరు, ఇల్లు ఎక్కడో చెప్పాను. కిటికీలోది ఏదని అడిగితే బాగుచెయ్యడానికి వడ్రంగికి పంపానన్నాను. ఆయన మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు ఆ పూటంతా తియ్యగానే ఉంది, సిగ్గులేనిదాన్ని.

నెల తిరిగింది. క్యాలెండరు గడిలో సరళ అని రాసి ఉంది, ఆవిడ రాలేదు. మూడు రోజులు చూసి, మీ ఇంటి దగ్గరే కదా, ఒకసారి వెళ్ళి కనుక్కుని రమ్మన్నారు సార్. వెళ్ళక తప్పలేదు. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, నన్ను చూసి ఆవిడే కంగారుపడింది, అప్పు ఎగ్గొట్టిన మనిషి దొరికిపోయినట్టు. గిటార్ బీరువా మీద ఉంది, పాత చీర కప్పి. కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, ఎడమచెయ్యి తెచ్చి నా ముందు పెట్టింది. నాలుగు వేళ్ళ కొనలూ కమిలిపోయి ఉన్నాయి. చూపుడువేలు పగిలి, మానీ మానకుండా ఉంది.

“నువ్వు మంచిదే ఇచ్చినవ్ బిడ్డా. నా వేళ్ళే మొద్దుగున్నయ్. రోజు పొద్దుగాల గంట సేపు కూసున్న. ఒక్క స్వరం సుత సక్కగ పలకలే. నాకు రాసిపెట్టిలేదు,” అంది. పైగా నన్ను తిప్పించినందుకు ఏమీ అనుకోవద్దంది. లోపలి గదిలోంచి ఆమె భర్త, యాభై ఏండ్లకు, ఈ ఉమర్ల గిటార్ ఏందని నేను ముందే చెప్పలేదా అని నవ్వుతూ అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. నేను గ్లాసు కింద పెట్టి, వస్తానండీ అని వచ్చేశాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కొట్టుకి వచ్చి మొత్తం కక్కేశాను. దారం తెంపింది, వడ్రంగి అబద్ధం, అన్నీ. ఏడ్చాను కూడా. సార్ ఎవరిదో గిటార్‌కి తీగలు వేస్తున్నారు, చెయ్యి ఆపలేదు. ఆరో తీగ కూడా బిగించారు. తిట్టి ఉంటే బాగుండేది, తిడితే పని నుంచి మానేసి పోదామని కూడా అనుకున్నాను.

“నాకు చెప్పావు, సరే. ఆవిడకి చెప్పావా?” అన్నారు చివరికి.

లేదన్నాను. మీరు వచ్చి మాట్లాడండి సార్ అని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కొట్లో ఉన్నవాటిలో ఆమె చేతికి తగ్గది నన్నే తియ్యమన్నారు, జేబులోని బిళ్ళలు రెండూ బల్ల మీద పెట్టారు. ఆ సాయంత్రం ఒక్కో మెడనీ కన్ను మూసి చూశాను, ఒక్కో మెట్టునీ మీటి విన్నాను. గంటన్నర పట్టింది. అన్నాళ్ళూ ఆయన చేస్తుంటే చాదస్తం అనుకున్న పనే ఇప్పుడు నేను చేస్తుంటే, ప్రతి గిటార్ దగ్గరా నాకు ఆ పగిలిన చూపుడువేలే కళ్ళముందు కనపడింది.

“ఇంట్లోవాళ్ళందరూ ఉన్నప్పుడు వెళ్ళు. గిటార్ పాడైందని చెప్పి ఊరుకోకు. తెలిసే ఇచ్చానని చెప్పు. వాళ్ళ ముందు నవ్వులపాలైంది ఆవిడ కదా,” అన్నారు సార్.

ఆదివారం మధ్యాహ్నం ఆటోలో గిటార్‌ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. భర్త, అత్తగారు, ఆవిడ, ముగ్గురూ భోజనాలు చేసి కూర్చుని ఉన్నారు. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. పాత గిటార్ మెడ వంగిందనీ, దాని మీద ఎంత తెలిసినవాళ్ళకైనా వేళ్ళు పగలాల్సిందేననీ, ఆ సంగతి అమ్మేటప్పుడే నాకు తెలుసుననీ. అత్తగారు నన్ను కిందికీ పైకీ చూసింది. భర్త ఈసారి నవ్వలేదు. సరళ గారు లేచి కొత్త గిటార్ అందుకుంది. పాతది బీరువా మీంచి దించి, కప్పిన చీర తీసి మడతపెట్టి, గిటార్ నా చేతికిచ్చింది. అప్పటిదాకా ఆమె ముఖంలో కోపం చూడలేదు నేను.

“నెల దినాలు నా చేతుల్నే తిట్టుకున్న బిడ్డా,” అంది మెల్లగా. “రోజూ తిట్టుకున్న.”

కూర్చోమనలేదు. తలుపు వేసుకుంది. జరిగింది జరిగినట్టు సార్‌కి చెప్పాను. ఆయన క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, నెల తర్వాతి గడిలో మళ్ళీ సరళ అని రాశారు.

ఆవిడ రాలేదు. ఆ పై నెల కూడా రాలేదు. ఏడాది తిరక్కుండానే ఆ ఇల్లు ఖాళీ చేసి, ఆమెకి ట్రాన్స్‌ఫరై ఎటో వెళ్ళారని తెలిసింది. ఎక్కడికో చుట్టుపక్కల ఎవరికీ సరిగ్గా తెలియదు. వాయించిందో, రెండోది కూడా బీరువా ఎక్కిందో తెలుసుకునే దారి లేకపోయింది. తర్వాత కొన్నేళ్ళకి నేను బ్యాంకు పరీక్షలు మానేసి పూర్తిగా కొట్టుకే అంటుకుపోయాను, ఆయన మోకాళ్ళు సహకరించక రావడం మానేస్తే కొట్టు నేనే నడపడం మొదలుపెట్టాను. శనివారాలు మారేడ్‌పల్లి వెళ్ళి కబుర్లు చెప్పేదాన్ని. ఎంత అమ్మావని ఒక్కసారీ అడగలేదు. మాటల మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు, సరళ గారు వచ్చారా అని మాత్రం అడిగేవారు. లేదనేదాన్ని. సరే అనేవారు.

చివరి శనివారం ఆయన బాగా నీరసంగా ఉన్నారు. చూపు సరిగా ఆనడం లేదు, మాట మెల్లగా వస్తోంది. అయినా మళ్ళీ అదే అడిగారు. నా నోటి దాకా వచ్చింది. వచ్చారు సార్, వేళ్ళు గట్టిపడ్డాయి, చక్కగా వాయిస్తున్నారు అనేస్తే ఏం పోతుంది, ఆయన హాయిగా నిద్రపోతారు కదా అనిపించింది. పక్కనే కూర్చున్న వాళ్ళమ్మాయి కూడా అనమన్నట్టు నాకు కళ్ళతో సైగ చేసింది. నేను మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

“రాలేదు సార్,” అన్నాను.

ఆయన తడుముకుని నా చెయ్యి పట్టుకున్నారు.

“అయితే ఇంకా చూస్తూ ఉండు,” అన్నారు.

ఇవాళ్టికీ సరళ గారి వయసు ఆడమనిషి ఎవరు మెట్లెక్కి వచ్చినా ముఖం కంటే ముందు నేను ఎడమచెయ్యి చూస్తాను.